షేరు మార్కెట్టుకును ఒక పంచాంగము కలదు

మన జిల్లాల నుండి విదేశములకు పోయినవారు ఇంటికి పంపు ధనమును గూర్చి మాటలాడువారు పలువురు. ఆ ధనములో కొంత భాగము నేడు షేరు మార్కెట్టులోనికి పోవుచున్నదని గమనించువారు కొందరు. ఆ మార్కెట్టు ఏ వేళ తెరచుకొనునో, ఏ దినమున మూతపడునో, ఆ వేళలను సెలవులను నిర్ణయించునది ఏ ఊరి ఆచారమో తెలిసికొన్నవారు మాత్రము బహు కొద్దిమంది. ఇది అల్పమైన విషయమని చదువరులకు తోచవచ్చును. మా అభిప్రాయము అది కాదు. వాణిజ్యశాస్త్రపు తరగతులలో షేరు అన నేమి, డిబెంచరు అన నేమి అని నిర్వచనములు వల్లె వేయించుచున్నాము. అంగడి తలుపు ఎప్పుడు తీయుదురో చెప్పకుండ సరకుల పేర్లు మాత్రము చెప్పుట వంటిది ఈ బోధన.

మన ప్రాంతమునకు పరదేశపు సంపాదన క్రొత్త గాదు. ఒకప్పుడు ఈ తీరపు రేవులలో ఓడలెక్కి రంగూనుకు కూలికి పోయినవారు వేలకు వేలు. మలయా తోటలకు పోయి అచ్చటనే స్థిరపడిన తెలుగు కుటుంబములలో అనేకుల మూలము ఉత్తరాంధ్రమే. నేడు ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతముల నుండి వెల్డర్లుగను, ఫిట్టర్లుగను, రిగ్గర్లుగను యువకులు గల్ఫు దేశములకును సింగపూరుకును పోవుచున్నారు. నాటి కూలివాడు పంపిన రూపాయి భూమిగనో బంగారముగనో మారెడిది. నేటి వెల్డరు చేతిలో సెల్‌ఫోను ఉన్నది. అందులో డీమాట్ ఖాతా ఉన్నది. దమ్మాములో పని చేయుచు అతడు ముంబయిలో షేర్లు కొనుచున్నాడు. అనగా స్వదేశపు విపణిలోనే అతడు ప్రవాస మదుపరి. మరొక వైపు విజయనగరములో డిగ్రీ చదువు విద్యార్థి తండ్రి అనుమతితో అమెరికా కంపెనీల షేర్లు కొనుచున్నాడు. అతడు న్యూయార్కునకు పరదేశి. ఈ ఇరువురికిని కావలసిన మొదటి జ్ఞానము ఒక్కటే. షేరు మార్కెట్టు ప్రపంచమంతటిదిగా కనిపించును గాని, అది ఒక ఊరిది. ఆ ఊరి గడియారమును, ఆ ఊరి పండుగలను, ఆ ఊరి ఎన్నికలను అది పాటించును.

ముంబయినే తీసికొందము. నేషనల్ స్టాకు ఎక్స్ఛేంజియు, బొంబాయి స్టాకు ఎక్స్ఛేంజియు సోమవారము మొదలు శుక్రవారము వరకు ఉదయము 9:15 నుండి మధ్యాహ్నము 3:30 వరకు వ్యాపారము జరుపును. దేశమంతటికిని అదియే మార్కెట్టు. ఐనను సంక్రాంతి మూడు దినములకు అచ్చట పండుగ సెలవు లేదు. విజయనగరములో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవపు మంగళవారమున ఊరంతయు వీధులలో నుండును. మార్కెట్టుకు ఆ సంగతి తెలియదు. మన పల్లెలలో అంతగా కనిపించని హోలీకి మాత్రము అది మూతపడును. 2024 మే 13, సోమవారమున ఆంధ్రప్రదేశ్ యావత్తు ఓటు వేసినది. మన కార్యాలయములు, పాఠశాలలు మూసినారు. ముంబయి విపణి యథాప్రకారము నడచినది. వారము తరువాత, మే 20వ తేదీన, ముంబయిలో పోలింగు కావున దేశమంతటి షేర్ల వ్యాపారము నిలిచిపోయినది. 2025లో మనము దీపావళి జరుపుకొన్నది అక్టోబరు 20న. ఆనాడు మార్కెట్టు తెరచియే ఉన్నది. మరునాడు, అనగా 21న, లక్ష్మీపూజకై సెలవు ఇచ్చి, మధ్యాహ్నము 1:45 నుండి 2:45 వరకు ఒక్క గంట ముహూర్తపు వ్యాపారము జరిపినారు. ఆ ముహూర్తము అంతకుముందు సాయంకాలము వేళ జరుగుట వాడుక. అదియును ఆ యేడు మారినది.

ఇందులో ఫిర్యాదు చేయవలసినది లేదు. ఎక్స్ఛేంజిలు చాలవరకు తమ ఊరి బ్యాంకులు పని చేయు దినములను బట్టి నడచుకొనును. తెలిసికొనవలసినది మాత్రము ఉన్నది. సెలవులు కూడ ఎల్లప్పుడును ముందుగా తెలియవు. 2024 జనవరి 22న అయోధ్య రామమందిర ప్రతిష్ఠకై మార్కెట్టును మూయుదురని తెలిసినది దాదాపు మూడు దినముల ముందు. దానికి బదులుగా 20వ తేదీ శనివారమున పూర్తి వ్యాపారము జరిపినారు. 2025 ఫిబ్రవరి 1వ తేదీ శనివారమైనను బడ్జెటు దినము కావున విపణి తెరచినారు. శని ఆదివారములు నిశ్చయముగా సెలవే అని నమ్మి కూర్చున్నవారికి ఇవి రెండును పాఠములు.

ఇక చంద్రుని మాట. ఈ విషయమున మన కళాశాల విద్యార్థులకు ఇతరులకు లేని ఒక సౌలభ్యము కలదని మేము తలచుచున్నాము. మన తరగతిలో ఒక బల్లపై హిజ్రీ సంవత్సరమును ఎరిగినవాడు కూర్చుండును. ప్రక్క బల్లపై తిథులు, నక్షత్రములు ఎరిగినవాడు కూర్చుండును. పండుగ అనునది ఆకాశమును చూచి నిర్ణయించునదే గాని అచ్చు కేలెండరును చూచి నిర్ణయించునది కాదని వీరిరువురికిని చిన్ననాటి నుండి తెలియును. నెలవంక కనబడినదా లేదా అని మసీదు నుండి కబురు వచ్చువరకు ఎదురు చూచిన పిల్లవానికి విపణి సెలవు ఎందుకు మారినదో విడమరచి చెప్పనక్కరలేదు. 2023 బక్రీదును చూడుడు. మన ఎక్స్ఛేంజిలు సంవత్సరారంభమున జూన్ 28వ తేదీని సెలవుగా అచ్చు వేసినవి. సౌదీలో పండుగ ఆనాడే జరిగినది. మన దేశమున 29న జరిగినది. చివరి దినములలో సెలవును 29వ తేదీకి మార్చినారు. ఆ 29 నెల చివరి గురువారము. వాయిదా ఒప్పందముల గడువు ముగియు దినము. సెలవు జరుగుటతో గడువు ఒక దినము ముందునకు, 28వ తేదీకి వచ్చినది. ఇంకను రెండు దినములున్నవి గదా అని నిశ్చింతగా ఉన్నవానికి ఒక్క దినమే మిగిలినది. మరుసటి ఏడు రంజాను పండుగ సౌదీలో ఏప్రిల్ 10న, మన వద్ద 11న. ఒకే ఈద్, రెండు దేశములలో రెండు సెలవులు.

గల్ఫు దేశముల వారము సంగతి మన ఇండ్లలో అందరికిని తెలిసినట్లే ఉండును గాని పూర్తిగా తెలియదు. సౌదీ, కువైట్, ఖతార్ విపణులు ఆదివారము నుండి గురువారము వరకు నడచును. సౌదీలో 2013 వరకు గురు, శుక్రవారములు సెలవు. ఆ సంవత్సరము జూన్ మాసాంతమున దానిని శుక్ర, శనివారములకు మార్చినారు. ఇతర దేశములతో వ్యవహారము కలసి వచ్చు దినములు పెరుగవలెనన్నదే కారణము. 2015 జూన్‌లో సౌదీ విపణి మొదటిసారిగా అర్హత గల విదేశీ సంస్థలకు నేరుగా తలుపు తెరచినది. ఎమిరేట్సు ఇంకను ముందుకు పోయి 2022 జనవరి నుండి శని, ఆదివారములనే సెలవు చేసికొన్నది. శుక్రవారము ప్రభుత్వ కార్యాలయములు మధ్యాహ్నము వరకే. దానితో దుబాయి విపణి సోమవారము నుండి శుక్రవారము వరకు నడచుచున్నది. వర్తకము కొరకు వారమును మార్చినారు. జుమా నమాజును మాత్రము కదపలేదు. వర్తకమునకు ఎంత చోటు ఈయవలెనో, ఇబాదతునకు ఎంత చోటు ఈయవలెనో ఆ దేశములు ఆలోచించి నిర్ణయించుకొన్న తీరు మన విద్యార్థులు గమనింపదగినది.

దమ్మాములోని వెల్డరు విషయమునకు మరల వత్తము. అచ్చటి గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక. ముంబయిలో 9:15 అనగా అతనికి 6:45. ముంబయిలో 3:30 అనగా అతనికి మధ్యాహ్నము ఒంటిగంట. ఆదివారము నుండి గురువారము వరకు ఆ వేళలో అతడు పనిపై ఉండును. శుక్రవారము అతనికి సెలవు, ముంబయికి పని దినము. వారమునకు అదియొక్కటే అతనికి చిక్కిన దినము. అందులోను విపణి చివరి గంట జుమా నమాజు వేళతో కలియును. అదే ఊరివాడు సింగపూరు ఓడల కర్మాగారములో ఉన్నచో ఆదివారము సెలవు; ఆనాడు ముంబయికిని సెలవే. కావున పని దినమున, అచ్చటి 11:45 నుండి సాయంకాలము 6 గంటల లోపున, దొరికిన భోజన విరామమే అతని విపణి వేళ.

ఇటువంటివాడు ఏమి చేయవలెను? ఎత్తైన ఇనుప కట్టడముపై నిలిచి ఫోను చూచుచు కూర్చుండవలెనా? అట్లు చేయుట ప్రాణాపాయము. అదృష్టవశమున మన నిబంధనలే అతనిని ఆ బాధ నుండి కొంత తప్పించినవి. ప్రవాస భారతీయుడు మన ఎక్స్ఛేంజిలో కొన్న షేరును అదే దినమున అమ్మరాదు. షేరు తన ఖాతాకు చేరిన పిమ్మటనే అమ్మవలెను. కావున నిమిష నిమిషమునకు ధర చూచుట వలన అతనికి కలుగు లాభము స్వల్పము. ఇంత ధరకు మించి కొనవద్దు, ఇంతకు తక్కువకు అమ్మవద్దు అని ముందే ఆదేశము పెట్టి పనికి పోవుటయే అతనికి తగిన మార్గము.

ఇంటివైపు నుండి చూచినచో న్యూయార్కు మరొక విధమైన చిక్కు. అచ్చటి విపణి వారి కాలమున ఉదయము 9:30 నుండి సాయంకాలము 4 వరకు. మనకు వేసవిలో రాత్రి 7 నుండి 1:30 వరకు; శీతకాలమున రాత్రి 8 నుండి 2:30 వరకు. వేసవిలో మగ్రిబ్ నమాజు ముగిసిన కొంతసేపటికి తెరచు అంగడి శీతకాలమున ఇషా తరువాత తెరచుకొనును. కారణము, అమెరికావారు మార్చి రెండవ ఆదివారమున గడియారమును ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారమున వెనుకకు త్రిప్పుదురు. లండనువారు త్రిప్పు ఆదివారములు వేరు, మార్చి చివరిది, అక్టోబరు చివరిది. మనము ఎప్పుడును త్రిప్పము. మార్చిలో రెండు మూడు వారములు, శరత్కాలమున ఒక వారము న్యూయార్కునకును లండనునకును గల దూరము కూడ మారిపోవును.

వేళకంటెను సెలవు గొప్ప చిక్కు తెచ్చును. ఏలయనగా ఎక్స్ఛేంజి సెలవు వేరు, బ్యాంకు సెలవు వేరు. 2025 అక్టోబరు 10, శుక్రవారమున అమెరికా సూచీలు గట్టిగా పడినవి; మనకది శుక్రవారము రాత్రి. ధర తగ్గినది గదా, డబ్బు పంపి కొందమని శ్రీకాకుళములో ఒకడు తలచెననుకొందము. మరునాడు రెండవ శనివారము. మన బ్యాంకులు మూత. తరువాత ఆదివారము. సోమవారము, 13వ తేదీ, కొలంబస్ దినము. అమెరికా బ్యాంకులకు సెలవు, ఎక్స్ఛేంజికి మాత్రము సెలవు లేదు. ఆనాడు సూచీలు పోగొట్టుకొన్న దానిలో సగమునకు పైగా తిరిగి పొందినవి. మనవాని డాలరు ఇంకను బయలుదేరనే లేదు. కొన్న షేరు మరునాటికే ఖాతాకు చేరు పద్ధతి మన దేశమున 2023 జనవరి 27 నాటికి పూర్తిగా, అమెరికాలో 2024 మే 28 నుండి అమలునకు వచ్చినది. ఆ ఒక దినపు లెక్క బ్యాంకులు, విపణి రెండును తెరచిన దినమునకే చెల్లునని గుర్తుంచుకొనవలెను.

టోక్యోవారు మధ్యాహ్నము ఒక గంట భోజనమునకు మూయుదురు, హాంకాంగువారును అంతే. హాంకాంగులో పెనుతుపాను హెచ్చరిక వచ్చినచో వ్యాపారము ఆపు ఆచారము చిరకాలము ఉండెడిది. 2024 సెప్టెంబరు 23 నుండి తుపానులోను విపణి నడచుచున్నది. ఈ మాట చదివినప్పుడు మాకు 2018 అక్టోబరు 11 స్మరణకు వచ్చినది. ఆ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. ఉద్దానములో కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలకొరిగినవి. విద్యుత్తు లేదు, ఫోను లేదు. అదే గురువారమున ముంబయి సెన్సెక్సు సుమారు 760 పాయింట్లు పడిపోయినది. ఉద్దానములో షేర్లు గలవాడు ఎవడైనను ఉండినచో వానికి ఆ సంగతి తెలియుటకు కూడ కొన్ని దినములు పట్టియుండును. విపణికి తన ఊరి వానయే వాన.

పెద్దలలో కొందరు, ముఖ్యముగా మన కళాశాల కమిటీలో ధర్మచింతన గలవారు, ఇదంతయు జూదము గదా, దీనిని విద్యార్థులకు నేర్పుట ఏల అని ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఒక కంపెనీలో భాగస్వామి యగుటకు షేరు కొనుట వేరు; గంటకొక పందెముగా ధరపై పందెము కాయుట వేరు. వడ్డీ వ్యాపారము మొదలైనవాటిని విడిచి ఏరిన కంపెనీలతో షరియా సూచీలు మన ఎక్స్ఛేంజిలలోనే కలవు. ధర్మాధర్మములను తేల్చు అధికారము మాకు లేదు. అది ఉలమాల పని. లెక్కను మాత్రము చెప్పగలము. 2024 సెప్టెంబరులో సెబీ ప్రకటించిన పరిశీలన ప్రకారము, అంతకు ముందటి మూడు సంవత్సరములలో వాయిదా ఒప్పందముల వ్యాపారమునకు దిగిన వ్యక్తులలో 100కు 93 మంది నష్టపోయినారు. విపణి తెరచియున్నంతసేపు దానిని అంటిపెట్టుకొని ఉన్నవారే వీరిలో అధికులై ఉందురని మా ఊహ. వేళలు తెలిసికొనుమని మేము చెప్పుట మేలుకొని యుండుటకు గాదు, నిద్రపోవుటకు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఇంకను చెప్పలేదు. గల్ఫు నుండి డబ్బు వచ్చు ఇండ్లపై నేడు మోసగాండ్ర కన్ను పడినది. వాట్సాపు బృందములో చేర్చుకొందురు. విదేశీ సంస్థాగత మదుపరుల ద్వారమున తక్కువ ధరకు షేర్లు ఇప్పింతుమందురు. ఒక యాపు ఇత్తురు. అందులో లాభము దినదినము పెరుగుచుండును. తీసికొనబోవునప్పుడు పన్ను కట్టుమందురు, రుసుము కట్టుమందురు; చివరకు ఏమియు రాదు. ఆ ద్వారము, కొద్ది మినహాయింపులు తప్ప, స్వదేశములో నివసించు భారతీయులకు లేనే లేదని 2024 ఫిబ్రవరిలో సెబీ హెచ్చరించినది. ఆ హెచ్చరికను ఎందరు తల్లులు చదివిరి? కాని సెలవుల పట్టిక ఇంట ఉన్నచో, చదువు రానివారికి సైతము ఒక పరీక్ష చేతికి వచ్చును. ఆదివారమున నీ యాపులో షేరు కొన్నట్లు చూపుచున్నదా? హోలీనాడు ధర పెరిగినట్లు చూపుచున్నదా? గణతంత్ర దినమున లాభము వచ్చినదా? ముంబయి మూసియున్న దినమున ముంబయి షేరు కదలుట అసంభవము. గుజరాతులోని గిఫ్టు సిటీలో 2023 జూలై నుండి నిఫ్టీ సూచీ వాయిదా ఒప్పందములు దినమునకు 21 గంటల వరకు నడచుచున్నమాట నిజము. క్రిప్టో నాణెముల వ్యాపారమునకు రాత్రింబవళ్లు లేవన్న మాటయు నిజము. ఆ పేర్లు చెప్పి మోసగాడు తప్పించుకొన చూచును. కాని విడి కంపెనీ షేరు సెలవునాడు చేతులు మారదు. ఈ పరీక్షలో నెగ్గిన యాపు అంతమాత్రమున మంచిదని గాదు. ఓడినది మాత్రము నిశ్చయముగా దొంగది. అప్పుడు ఆలసింపక 1930 అను నెంబరుకు ఫోను చేయవలెను. సైబరు నేరములకు అది ప్రభుత్వము పెట్టినది.

కావున కళాశాల కమిటీవారికి మా విన్నపము చిన్నది. ఖర్చు ఒక అట్టముక్క, నాలుగు రంగు పెన్నులు. ప్రతి డిసెంబరులో ఎక్స్ఛేంజిలు రాబోవు సంవత్సరపు సెలవులను ప్రకటించును. జనవరి మొదటి వారమున ముంబయి, న్యూయార్కు, రియాదు, దుబాయి, సింగపూరు విపణుల వేళలను మన కాలములోనికి మార్చి, సెలవులతో సహా ఒక పట్టికగా తెలుగులోను ఉర్దూలోను వ్రాసి నోటీసు బోర్డుపై పెట్టవలెను. న్యూయార్కుకు వేసవి వేళ ఒక గడిలో, శీతకాలపు వేళ మరొక గడిలో వ్రాయు పని కామర్సు విద్యార్థులది. ఈదుల తేదీల ఎదుట చిన్న నెలవంక గుర్తు వేసి, చంద్రదర్శనమును బట్టి మారునని క్రింద వ్రాయు పని ఉర్దూ శాఖవారిది. గల్ఫులోను సింగపూరులోను అన్నయో బావయో ఉన్న ప్రతి విద్యార్థియు దానిని ఫోనులో ఫొటో తీసి వారికి పంపవలెను. ఒక ప్రతిని ఇంట తలుపు వెనుక, పంచాంగము ప్రక్కనే అంటింపవలెను.